"సహజం" అన్న మాట వద్దు, పదార్థాల జాబితా ఇవ్వండి: తయారీదారులకు, అధికారులకు బహిరంగ లేఖ

ఇల్లు శుభ్రం చేసే లిక్విడ్లు, సబ్బులు, షాంపూలు, లోషన్లు తయారు చేసే కంపెనీల యాజమాన్యాలకు, వాటి లేబుళ్ల మీద ఏముండాలో నిర్ణయించే అధికారులకు,

నమస్కారం.

మీలో బాధ్యతగా పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఈ ఉత్తరం వాళ్ల మీద కోపంతో రాస్తున్నది కాదు. మర్యాదకు ఇంతకు మించి రాస్తే అసలు సంగతి వెనకబడుతుంది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఏడాదిన్నర కిందట మా ఇంట్లోకి పసిపిల్ల వచ్చింది. నేల మీద పాకుతుంది, చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. దాంతో ఇంట్లో ఉన్న ఘాటు వాసన సీసాలన్నీ తీసేసి, ఆకు బొమ్మ ఉన్న సీసాలు తెచ్చుకున్నాం. అంట్లు తోమే లిక్విడ్, నేల తుడిచేది, చేతులు కడుక్కునేది, ఒంటికి రాసుకునే లోషన్, అన్నీ మారిపోయాయి. మామూలు వాటికన్నా ధర ఎక్కువే. పిల్ల కోసమే కదా అని మారు మాట్లాడకుండా కొన్నాం.

ఆరు వారాలు తిరక్కుండానే నా వేళ్ల సందుల్లో దురద మొదలైంది. తర్వాత చర్మం ఎర్రబడి, పొట్టు రేగి, కణుపుల దగ్గర పగుళ్లు ఇచ్చింది. నీళ్లలో చెయ్యి పెడితే మంట. పిల్లకు స్నానం చేయించడం కూడా మానేసి ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పాల్సి వచ్చింది. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. చేతులు పాడవుతున్నాయని అదే ఆకు బొమ్మ లోషన్ ఇంకాస్త ఎక్కువ రాసుకున్నాను.

చివరికి చర్మ వైద్యురాలి దగ్గరికి వెళితే ఆవిడ ప్యాచ్ టెస్ట్ చేశారు. ఎలర్జీ తెస్తాయని అనుమానం ఉన్న పదార్థాలు పెట్టిన చిన్న చిన్న పట్టీలు వీపు మీద అంటిస్తారు. 48 గంటల తర్వాత తీసి ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. నాకు రెండు చోట్ల చర్మం ఎర్రగా ఉబ్బింది. ఒకటి మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్, అంటే సరుకు చెడిపోకుండా ఉంచేది. రెండోది, లినలూల్ గాలి తగిలి మారిపోయాక తయారయ్యే పదార్థం. లినలూల్ అంటే లావెండర్ వాసనకు ముఖ్య కారణమైన పదార్థాల్లో ఒకటి. "ఇంట్లో ఉన్న సీసాలన్నీ పట్టుకురండి, ఈ రెండూ దేంట్లో ఉన్నాయో చూసి వాటిని పక్కన పెడదాం" అన్నారావిడ.

సంచి నిండా వేసుకుని తీసుకెళ్లాను. లోషన్ సీసా మీద పదార్థాల పేర్లు ఉన్నాయి, అందులో లినలూల్ దొరికింది. అంట్ల లిక్విడ్ వెనక మాత్రం "మొక్కల నుంచి తీసిన శుభ్రపరిచే పదార్థాలు, ప్రిజర్వేటివ్, సువాసన, నీరు" అని ఉంది. అంతే. ఆవిడ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్నిబట్టి నేనేమీ చెప్పలేనమ్మా" అని పక్కన పెట్టేశారు.

కంపెనీకి రాశాను. నేను అడిగింది ఒకటే ప్రశ్న: మీ లిక్విడ్‌లో మిథైల్‌ఐసోథయాజోలినోన్ ఉందా, లేదా? మొదటి ఉత్తరానికి మెషీన్ జవాబు ఇచ్చింది, మీ అభిప్రాయం మాకు విలువైనది అని. రెండోదానికి మనిషే జవాబు ఇచ్చినట్టున్నారు: "మా ఉత్పత్తి 98 శాతం సహజ మూలాల నుంచి తయారైంది, చర్మానికి సురక్షితం." మూడోదానికి వచ్చిన జవాబు: "ఫార్ములా వ్యాపార రహస్యం." ఆ తర్వాత సంబంధిత కార్యాలయంలో ఫిర్యాదు పెట్టాను. కొన్ని వారాలకు స్థితి చూస్తే "పరిష్కారమైంది" అని ఉంది. ఎవరూ నాతో మాట్లాడలేదు, ఏం పరిష్కరించారో నాకు తెలియదు. నా సమస్య నాకు తెలియకుండానే తీరిపోవడం అదే మొదటిసారి.

ఇది నా ఒక్కదాని చేతుల గోడు అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. అప్పటినుంచి చదివినది, చూసినది కలుపుకుంటే, నాలాంటి మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఎక్కడెక్కడ ఉందో కొంత అర్థమైంది. వరసగా రాస్తున్నాను.

1. "సహజం" అంటే "హాని చెయ్యదు" అని కాదు.

కుంకుడుకాయకన్నా సహజమైనది ఏముంది? ఆ నురగ ఒక్కసారి కంట్లో పడ్డవాళ్లు అది సున్నితమైనదని ఒప్పుకుంటారా? బోరాక్స్ భూమిలోంచి తవ్వితీసే ఖనిజం. "రసాయనాలు లేని" ఇంటి చిట్కాల్లో దాని పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. పిల్లలు పుట్టే శక్తికి, కడుపులో ఉన్న బిడ్డకు చేటు చేసే గుణం ఉందన్న కారణంతో యూరోపియన్ యూనియన్ దాన్ని 2010లో అత్యంత ఆందోళనకరమైన పదార్థాల జాబితాలో పెట్టింది. టాల్క్ కూడా రాయి నుంచి వచ్చిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో దాన్ని 2ఎ వర్గంలో చేర్చింది, అంటే మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న వాటిలో.

దీన్ని తిప్పి చూసినా అంతే. చేత్తో చేసిన సబ్బయినా, ఫ్యాక్టరీ సబ్బయినా నూనెకు కాస్టిక్ సోడా కలిపితేనే సబ్బవుతుంది. కాస్టిక్ సోడా చేతి మీద పడితే తోలు ఊడిపోతుంది. కానీ కొలతలు సరిగ్గా ఉండి చర్య పూర్తయితే సబ్బులో అది మిగలదు. కాబట్టి పదార్థం చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది మాకు కావాల్సిన సమాధానం కాదు. అది ఏ పదార్థం, ఎంత ఉంది, చర్మం మీద ఉండిపోయేదా, కడిగేసేదా, ఇవి కావాలి. మా తప్పూ ఉంది, కాదనను. ఆకు బొమ్మ చూసి వెనక వైపు తిప్పకుండా కొన్నది నేనే. అయితే తిప్పి చూసినా అక్కడ ఏమీ రాయకపోతే నేనేం చెయ్యాలి?

"రసాయనాలు లేవు" అని సీసా మీద వేసేవాళ్లకు ఒక్కమాట: నీళ్లు కూడా రసాయనమే. అది కూడా లేకపోతే మీరు ఖాళీ సీసా అమ్ముతున్నట్టు.

2. శాతాల లెక్కలో నీళ్లు కలుస్తున్నాయి.

"98 శాతం సహజ మూలం" అని రాస్తే అందులో ఎక్కువ భాగం మొక్కల సారమేనని మామూలు మనిషి అనుకుంటాడు. సౌందర్య ఉత్పత్తుల్లో సహజ పదార్థాల వాటా లెక్కకట్టడానికి ఐఎస్‌ఓ 16128 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది, 2016, 2017ల్లో రెండు భాగాలుగా వచ్చింది. దాని ప్రకారం నీళ్లు నూటికి నూరు శాతం సహజమే. నీళ్లతో కలిపి లెక్క చూపినా అభ్యంతరం లేదు. షాంపూలో, లోషన్‌లో ఎక్కువ భాగం నీళ్లే కదా. అంటే శాతం పెంచడానికి కుళాయి తిప్పితే చాలు.

ఇంకో సంగతి. నా చేతులు పగలడానికి కారణమైన ప్రిజర్వేటివ్‌ను ఐరోపాలో ఒకప్పుడు పది లక్షల భాగాల్లో 100 భాగాల వరకు వాడనిచ్చారు. ఎలర్జీలు విపరీతంగా పెరగడంతో, కడిగేసే ఉత్పత్తుల్లో దాన్ని 2018 నుంచి 15కు తగ్గించారు. అంటే నూటికి 0.0015 వంతు. మీరు గర్వంగా చెప్పే 98 పోగా మిగిలిన ఆ 2 శాతంలో ఇలాంటివి వెయ్యి దాక్కోగలవు. నాకు కావాల్సిన సమాచారం ఆ రెండు శాతంలోనే ఉంది.

జాబితా ఉన్న సీసాల్లోనూ ఒక కిటుకు చూశాను. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువది వెనక రావాలన్నది చాలా దేశాల్లో ఉన్న నియమం. కానీ 1 శాతంకన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అందుకే ఒక్క చుక్క కలబంద సారం ప్రిజర్వేటివ్‌కన్నా ముందుకొచ్చి కూర్చుంటుంది, ముందు వైపు నిలువెత్తు కలబంద బొమ్మ వెలుస్తుంది.

3. "సువాసన" అనే ఒక్క మాట వెనక ఎన్నో పేర్లు.

ఒక్క సువాసనలో డజన్లకొద్దీ పదార్థాలు ఉండొచ్చు. అవన్నీ కలిపి ఒకే మాటగా రాయడం చాలా చోట్ల చట్టబద్ధమే. ఐరోపాలో 26 ఎలర్జీ కారకాల పేర్లు విడిగా రాయాలని 2003లో నిబంధన తెచ్చారు. చర్మం మీద ఉండిపోయే ఉత్పత్తిలో 0.001 శాతం, కడిగేసేదాంట్లో 0.01 శాతం దాటితే పేరు రాయాల్సిందే. 2023లో ఆ జాబితాను 80 దాటించారు. ఆ జాబితా చూస్తే ఒక సంగతి తేలుతుంది: మొక్కల నుంచి తీసిన ఎసెన్షియల్ ఆయిల్స్‌లో సహజంగా ఉండేవే అందులో చాలా ఉన్నాయి. నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమోనీన్, లావెండర్‌లోని లినలూల్, గులాబీలోని జెరానియోల్. లిమోనీన్, లినలూల్ తాజాగా ఉన్నప్పుడు చర్మాన్ని అంతగా రెచ్చగొట్టవు. మూత తీసిన సీసాలో గాలి తగిలి హైడ్రోపెరాక్సైడ్లుగా మారాక ఎలర్జీ తెస్తాయి. "కృత్రిమ సువాసన లేదు, ఎసెన్షియల్ ఆయిల్స్ మాత్రమే" అన్న మాటతో నాలాంటివాళ్లకు ఒరిగేదేమీ లేదు.

"వాసన లేనిది" అని, "సువాసన కలపనిది" అని రెండు రకాల లేబుళ్లు ఉంటాయి. రెండూ ఒకటి కాదు. వాసన లేనిదాంట్లో అసలు వాసనను కప్పిపుచ్చడానికి ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. ఈ తేడా నాకు వైద్యురాలు చెబితే తెలిసింది. కొట్లో నిలబడి లేబుల్ చదివే మనిషికి ఎవరు చెబుతారు?

4. "ఫలానాది లేదు" అన్న ప్రచారం ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ కథే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. పారాబెన్లు కూడా ప్రిజర్వేటివ్‌లే. 2004లో రొమ్ము క్యాన్సర్ కణితుల 20 నమూనాల్లో అవి కనిపించాయని ఒక పరిశోధన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చి చూసిన పని కాదది. పారాబెన్ల వల్లే కణితి వచ్చిందని ఆ పరిశోధన తేల్చలేదు. అయినా భయం పాకింది. భయాన్ని చూసి మీరు సీసాల మీద "పారాబెన్లు లేవు" అని వేశారు. నీళ్లున్న ఉత్పత్తికి ప్రిజర్వేటివ్ తప్పదు, లేకపోతే బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. మరి పారాబెన్ల స్థానంలోకి ఏవి వచ్చాయి? వాటిలో మిథైల్‌ఐసోథయాజోలినోన్ ఒకటి. చేతుల మీద, పిల్లల వెట్ వైప్స్ తగిలిన చోట, ముఖం మీద దద్దుర్లతో జనం చర్మ వైద్యుల దగ్గర క్యూ కట్టారు. చర్మ ఎలర్జీలు చూసే అమెరికా వైద్యుల సంఘం 2013లో దాన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. చర్మం మీద ఉండిపోయే సౌందర్య ఉత్పత్తుల్లో దాన్ని ఐరోపా 2017లో నిషేధించింది.

పారాబెన్లన్నీ మంచివని నేను అనడం లేదు. వాటిలో ఐదింటిని ఐరోపా 2014లో నిషేధించింది, ప్రొపైల్, బ్యుటైల్ రకాలకు పరిమితి తగ్గించింది. మిథైల్, ఇథైల్ రకాలను పరిమితితో ఉండనిచ్చింది. ఇలా పేరుపేరునా చూసి, కొలత పెట్టి తీసుకునే నిర్ణయం ఒకటి. "లేదు" అని పెద్ద అక్షరాలతో వేసి, దాని బదులు ఏం పెట్టారో చెప్పకపోవడం ఇంకొకటి. మొదటిది మాకు మేలు చేసింది. రెండోది నా చేతుల మీదికి తెచ్చింది.

ఇలాంటి మాటే "హైపోఅలర్జెనిక్". అమెరికా ఆహార ఔషధ సంస్థ 1975లో దానికి ఒక నిర్వచనం పెట్టింది. పరీక్ష చేసి, పోటీ ఉత్పత్తులకన్నా తక్కువ ఎలర్జీ వస్తుందని చూపించాకే ఆ మాట వాడాలంది. కంపెనీలు కోర్టుకెళితే 1977లో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అప్పటినుంచి అక్కడ ఆ మాటకు చట్టంలో అర్థమే లేదు. "చర్మ వైద్యులు పరీక్షించారు" అన్నదీ అంతే. పరీక్షించారు సరే, ఏం తేలింది?

5. కలిపితే ప్రాణం మీదికి వస్తుందని సహజ సీసాలు చెప్పడం లేదు.

మా మేనత్త బాత్రూంలో బ్లీచ్ పోసింది. మరక పోలేదని, దాని మీదే నిమ్మ బొమ్మ ఉన్న "పూర్తిగా సురక్షితమైన" క్లీనర్ పోసి బ్రష్షుతో రుద్దింది. తలుపు మూసి ఉంది. రెండు నిమిషాల్లో కళ్లు మండి, గొంతు పట్టేసి, దగ్గుతూ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఆ రాత్రి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. దానికి ఏ యాసిడ్ తగిలినా క్లోరిన్ వాయువు వస్తుంది. అది సిట్రిక్ యాసిడ్ అయినా, వెనిగర్‌లోని అసిటిక్ యాసిడ్ అయినా, నిమ్మ నుంచి వచ్చినా, డ్రమ్ములో వచ్చినా బ్లీచ్‌కు తేడా తెలియదు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కలిస్తే క్లోరమైన్లు వస్తాయి, అవీ ఊపిరితిత్తులను కాల్చేవే. బ్లీచ్ సీసా మీద యాసిడ్‌తో కలపొద్దని చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూశాను. కానీ నిమ్మ సీసా మీద అది యాసిడ్ అని ఎక్కడా లేదు. ఇక మా అత్త దేన్ని దేనితో కలపకూడదో ఎలా తెలుసుకోవాలి? "సురక్షితం" అన్న మాటే ఆమెను ఆ తలుపు మూసిన గదిలో నిశ్చింతగా రుద్దేలా చేసింది.

వెనిగర్, వంట సోడా కలిపి పొంగించే చిట్కాలో ఇలాంటి ప్రమాదం లేదు, ఉపయోగమూ పెద్దగా లేదు. ఒకటి యాసిడ్, ఇంకొకటి క్షారం. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది కాస్త ఉప్పులాంటి సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు, గాలిలో కలిసిపోయిన కార్బన్ డయాక్సైడ్. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి: వెనిగర్ కుళాయిల మీది తెల్లటి చారలకు, సోడా జిడ్డుకు. వెనిగర్‌ను పాలరాయి మీద మాత్రం పోయకండి, రాయి మెరుపు తినేస్తుంది.

6. శుభ్రం చేయడమే బతుకుతెరువైనవాళ్ల ఊపిరి.

నాకు చేతులు పగిలితే సీసా మార్చుకునే వీలుంది. ఇళ్లు, ఆఫీసులు, ఆసుపత్రులు తుడిచి బతికేవాళ్లకు లేదు. యజమాని ఏ సీసా ఇస్తే అదే. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 6,000 మందికి పైగా మనుషులను 20 ఏళ్లపాటు గమనించి 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శుభ్రం చేసే పనిలో ఉన్న ఆడవాళ్లకు, ఇంట్లో ఆ పని చేసే ఆడవాళ్లకు కూడా, చెయ్యనివాళ్లకన్నా ఊపిరితిత్తుల సామర్థ్యం వేగంగా తగ్గింది. స్ప్రేల వాడకానికి, ఉబ్బసానికి సంబంధం ఉందని అంతకుముందే వేరే అధ్యయనాలు చెప్పాయి. తుంపర గాలిలో తేలి నేరుగా లోపలికి పోతుంది. అదే ద్రవాన్ని గుడ్డ మీద పోసుకుని తుడిస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ఎంతమంది స్ప్రే సీసా మీద ఈ ఒక్క వాక్యం రాశారు?

7. క్రిములను చంపేస్తామన్న హడావిడి.

క్రిములను చంపుతుందని ట్రైక్లోసాన్ అనే పదార్థాన్ని ఏళ్ల తరబడి చేతి సబ్బుల్లో కలిపి అమ్మారు. మామూలు సబ్బు, నీళ్లకన్నా అది మెరుగని చూపించండని అమెరికా ఆహార ఔషధ సంస్థ అడిగితే కంపెనీలు చూపించలేకపోయాయి. 2016లో ట్రైక్లోసాన్‌తో కలిపి 19 పదార్థాలను ఇళ్లలో వాడే అలాంటి సబ్బుల నుంచి తప్పించింది. ఇంతకు మించి దీని గురించి చెప్పడానికేమీ లేదు.

ఇప్పుడు "ఫార్ములా వ్యాపార రహస్యం" అన్న జవాబు సంగతి. ఐరోపాలో 2004 నాటి డిటర్జెంట్ల నిబంధన ప్రకారం ప్రిజర్వేటివ్ ఎంత తక్కువున్నా దాని పేరు ప్యాకింగ్ మీద రాయాలి, పదార్థాల జాబితా వెబ్‌సైట్‌లో పెట్టాలి. కాలిఫోర్నియా 2017లో శుభ్రపరిచే ఉత్పత్తుల మీద సమాచార హక్కు చట్టం చేసింది. పదార్థాల వివరాలు 2020 నుంచి వెబ్‌సైట్‌లో, 2021 నుంచి లేబుల్ మీద ఉండాలంది. అక్కడ పేర్లు చెప్పినందుకు ఈ పరిశ్రమ మూతపడలేదు. ఎంత పాళ్లలో కలుపుతారో, ఎలా కలుపుతారో నేను అడగడం లేదు. ఏం కలిపారో అడుగుతున్నాను.

అందుకే కోరుతున్నాం. "కోరుతున్నాను" అని రాయబోయి మార్చాను, వైద్యురాలి గది బయట నాలాగే సంచీలతో కూర్చున్నవాళ్లు గుర్తొచ్చారు.

తయారీదారులను కోరేవి:

1. శుభ్రపరిచే ఉత్పత్తి అయినా, ఒంటికి వాడేది అయినా, ప్రతి పదార్థం పేరు సీసా మీదే ఉండాలి. చోటు లేదంటే ముందు వైపు ఆకు బొమ్మ చిన్నది చెయ్యండి.

2. పేరు శాస్త్రీయ భాషలో ఒక్కటే సరిపోదు. పక్కన కొనేవాళ్ల భాషలో అది ఏం పని చేస్తుందో ఒక్క మాట: "చెడిపోకుండా ఉంచేది", "నురగ తెచ్చేది", "వాసనకు".

3. సహజ శాతం వేస్తే నీళ్లు తీసేసి లెక్కకట్టండి. వెయ్యకపోయినా మాకు అభ్యంతరం లేదు.

4. "ఫలానాది లేదు" అని వేస్తే, అదే సైజు అక్షరాల్లో దాని బదులు ఏముందో వెయ్యండి.

5. యాసిడ్ ఉన్న ప్రతి క్లీనర్ మీద, అది నిమ్మ నుంచి వచ్చినా సరే, "బ్లీచ్‌తో కలపొద్దు" అని బొమ్మతో సహా ముందు వైపు వెయ్యండి. చదవడం రానివాళ్లు కూడా బాత్రూంలు కడుగుతారు.

6. పండ్ల బొమ్మలు, పండ్ల రసం రంగులు, తాగే సీసా ఆకారాలు మానెయ్యండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంటికే మీరు ఈ సీసాలు ఎక్కువ అమ్ముతున్నారు.

7. ఎలర్జీ ఉన్న మనిషి ఫలానా పదార్థం ఉందా అని అడిగితే, అవును లేదా కాదు అని రెండు వారాల్లో చెప్పే మనిషిని పెట్టండి.

అధికారులను కోరేవి:

1. "సహజం", "విషరహితం", "హైపోఅలర్జెనిక్" మాటలకు నిర్వచనం పెట్టండి. నిర్వచనానికి తగ్గ రుజువు చూపనివాళ్లు ఆ మాట వాడకూడదు. సౌందర్య ఉత్పత్తుల ప్రచారానికి ఐరోపా 2013లో ఉమ్మడి ప్రమాణాలు పెట్టింది. మొదలుపెట్టడానికి ఒక నమూనా ఉంది.

2. సువాసనల్లోని ఎలర్జీ కారకాల పేర్లు విడిగా రాయడం తప్పనిసరి చెయ్యండి, ఎసెన్షియల్ ఆయిల్స్‌కు మినహాయింపు ఇవ్వకుండా.

3. శుభ్రం చేసే పనివాళ్లకు వాళ్లు వాడే ప్రతి ద్రవం వివరాలు, గ్లవ్స్, గాలి ఆడే ఏర్పాటు యజమాని ఇవ్వాలన్న నియమం ఉన్న చోట అమలు చెయ్యండి, లేని చోట తెండి.

4. ఫిర్యాదుదారుతో మాట్లాడకుండా ఏ ఫిర్యాదునూ "పరిష్కారమైంది" అని మూసెయ్యకండి.

మా ఇంట్లో ఇప్పుడు ఏం వాడుతున్నామని చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. సీసాలు తగ్గించాం, అంతే. సువాసన కలపని, పదార్థాలన్నీ రాసి ఉన్న డిటర్జెంట్ ఒకటి, మామూలు సబ్బు, వంట సోడా, గుడ్డలు. నేలకు చాలా రోజులు ఉత్త నీళ్లే. వాటిలో కొన్నిటి మీద ఆకు బొమ్మ ఉంది, కొన్నిటి మీద లేదు. బొమ్మను చూసి కొనడం మానేశాం. నా చేతులు మూడు నెలలకు మామూలయ్యాయి. అయితే ఒకసారి పట్టిన ఈ ఎలర్జీ జీవితాంతం పోదని వైద్యురాలు చెప్పారు. ఇకమీదట ఏ సీసా కొన్నా, ఏ ఇంటికి వెళ్లి చెయ్యి కడుక్కున్నా ముందు లేబుల్ చదవాలి. అందుకే ఆ లేబుల్ మీద ఏదో ఒకటి ఉండాలని ఇంత పట్టుబడుతున్నాను.

ఆ అంట్ల లిక్విడ్ సీసా ఇంకా నా దగ్గరే ఉంది, సగం నిండా. బ్యాచ్ నంబరు చెరిగిపోకుండా దాని మీద టేపు అంటించాను. పరీక్ష చేయిస్తామంటే పంపిస్తాను. అక్కర్లేదంటే నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు రాయండి చాలు. మూడు ఉత్తరాల్లోనూ అదే ఉంది, నాలుగోసారి అడుగుతున్నాను: అందులో మిథైల్‌ఐసోథయాజోలినోన్ ఉందా, లేదా?

ఇట్లు,
ఒక వినియోగదారు